ఓరుగల్లు నుంచి రాతి తీరానికి: ఆటుపోట్లు చూసుకుని మూడు రోజుల నడక

వరంగల్, హనుమకొండ, ములుగు వైపు పెరిగిన మనకు నీళ్ళంటే చెరువే. పాకాల, రామప్ప, లక్నవరం, ఊళ్ళోనే భద్రకాళి. వానాకాలంలో నిండుతాయి, ఎండాకాలంలో దిగుతాయి. ఆ మార్పు కంటికి ఆనడానికి వారాలు పడుతుంది. పొద్దున మనం కూర్చున్న రాయి సాయంత్రానికి కూడా ఒడ్డునే ఉంటుంది. ఈ నమ్మకంతోనే మన పిల్లలు సముద్రం దగ్గరికి వెళ్తారు, అక్కడే ప్రమాదంలో పడతారు. రాతి తీరంలో పొద్దున మీరు నడిచిన దారి మధ్యాహ్నానికి నడుము లోతు నీళ్ళలో ఉండొచ్చు. అందుకే ఈ నడకకు బ్యాగు, టెంటు, షూలు ఎంత మంచివి కొన్నా, ముందు నేర్చుకోవలసింది నీళ్ళ టైము. మిగతావన్నీ దాని తర్వాతే.

ఏ తీరం ఎంచుకోవాలి

మనకు దగ్గర సముద్రం విశాఖ వైపు ఉంది. వరంగల్‌లో రైలెక్కితే నేరుగా దిగొచ్చు. విశాఖ నుంచి భీమిలి దాకా రాళ్ళూ, ఎర్రమట్టి దిబ్బలూ చూడదగ్గవే. కానీ రోడ్డు, రిసార్టులు పొడుగునా తీరాన్ని అంటుకునే ఉంటాయి. సామాను వీపున వేసుకుని రెండు రాత్రులు బయట గడిపే నడకకు నేను చెప్పేది పడమటి తీరం, కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లా. కుమ్టా నుంచి గోకర్ణ దాకా తీరం వెంట సుమారు 20-25 కిలోమీటర్లు. మధ్యలో కొండలు సముద్రంలోకి చొచ్చుకుని వస్తాయి. ఒక్కో కొండ దాటితే ఒక్కో చిన్న ఇసుక తీరం. కొన్నింటికి నడకదారి, పడవ తప్ప మోటారు దారి లేదు. దారిలో ఒక నది సముద్రంలో కలుస్తుంది.

గోకర్ణం మనవాళ్ళకు మహాబలేశ్వరుడి క్షేత్రంగా ఎప్పటినుంచో తెలుసు. కాబట్టి ఇంట్లో ఒప్పించడమూ కొంచెం సులువే.

వెళ్ళడానికి హైదరాబాద్ నుంచి గోకర్ణ వైపు రాత్రి బస్సులున్నాయి. రైలైతే సికింద్రాబాద్ మీదుగా గోవా వెళ్ళి, మడగావ్‌లో కొంకణ్ రైలు పట్టుకుని కుమ్టాలో దిగాలి. నడక కుమ్టాలో మొదలుపెట్టి గోకర్ణలో ముగించండి. కుమ్టా పెద్ద ఊరు, కాబట్టి కొనవలసినవి అక్కడ దొరుకుతాయి. అలసిపోయి గోకర్ణ చేరాక తిరుగు బస్సు వెతుక్కోవడం తేలిక.

నెల, తిథి

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఆ మాటే ఎత్తొద్దు. నైరుతి రుతుపవనాలు మొదట తాకేది ఆ పడమటి తీరాన్నే. అలలు కొండ రాళ్ళ మీదికి ఎగిరి పడతాయి, మట్టి దారులు జారిపోతాయి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అందులోనూ శివరాత్రి రోజులు, డిసెంబర్ ఆఖరి వారం వదిలేయండి. శివరాత్రికి గోకర్ణ జాతరతో నిండిపోతుంది, కొత్త సంవత్సరానికి తీరాలన్నీ కిక్కిరిసి ఉంటాయి.

ఇక తిథి. ఇంట్లో గోడకు వేలాడే తెలుగు క్యాలెండర్ ఈ నడకకు నిజంగా పనికొస్తుంది. చంద్రుడు, సూర్యుడు ఒకే వరుసలోకి వచ్చే అమావాస్య, పౌర్ణమి రోజుల్లోనూ, ఆ తర్వాతి ఒకటి రెండు రోజుల్లోనూ సముద్రం బాగా ఎక్కి, బాగా దిగుతుంది. అష్టమి చుట్టుపక్కల రోజుల్లో ఆ తేడా తగ్గుతుంది. వెన్నెల కోసం చాలామంది పౌర్ణమికే బయలుదేరతారు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నేనది చెప్పను. పౌర్ణమి రాత్రి నీళ్ళు తీరం మీద చాలా పైకి వస్తాయి, చిన్న తీరాల్లో పడుకోవడానికి జాగా మిగలదు. శుక్ల పక్షంలో అష్టమి నుంచి దశమి మధ్య వెళ్ళండి. సాయంత్రం నుంచి సుమారు అర్ధరాత్రి దాకా సగం చంద్రుడి వెలుగు ఉంటుంది, నీళ్ళ ఎగుడుదిగుడూ తక్కువగా ఉంటుంది.

ఆటుపోట్ల పట్టిక చదవడం

దీనికి ఒక సాయంత్రం పూర్తిగా కేటాయించండి. నడిచే నలుగురూ కలిసి కూర్చోండి. ఒక్కరికే తెలిసి మిగతావాళ్ళు ఆ ఒక్కరి వెంట నడిస్తే, ఆ ఒక్కరికి కాలు బెణికినరోజు అందరూ ఇరుక్కుంటారు.

నీళ్ళు పైకెక్కేది పోటు, వెనక్కి దిగేది ఆటు. పట్టికలో పోటు టైమంటే నీళ్ళు పూర్తిగా ఎక్కే టైము. ఆ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే రేపటి పోటు ఇవాళ్టి కంటే దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. రోజులోని రెండు పోట్లూ ఒకే ఎత్తులో ఉండవు, పట్టికలో రెండింటి ఎత్తులూ చూడాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇవాళ ఉదయం 10 గంటలకు పోటు అనుకోండి. నీళ్ళు పూర్తిగా దిగేది సాయంత్రం 4 దాటాక. మళ్ళీ పోటు రాత్రి పదిన్నర లోపు. రేపు ఉదయం పోటు పదింటికి కాకుండా 10:50కి. మూడు రోజుల ప్లాను వేసేటప్పుడు ఈ జరుగుడు మరిచిపోతే మూడోరోజు లెక్క దాదాపు రెండు గంటలు తప్పుతుంది.

ఇంకొక సంగతి. నీళ్ళు ఒకే వేగంతో ఎక్కవు. ఆరు గంటల్లో మొదటి గంట పన్నెండో వంతు మాత్రమే ఎక్కుతాయి, రెండో గంట రెండు వంతులు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి వంతులు, ఐదో గంట రెండు, ఆరో గంట ఒకటి. మొత్తం ఎక్కుడు 1.6 మీటర్లు అనుకుంటే మధ్య రెండు గంటల్లోనే 80 సెంటీమీటర్లు. మొదటి గంటలో నీళ్ళు దాదాపు కదలనట్టు కనిపిస్తాయి. ‘ఇంకా టైముంది’ అనిపించేది సరిగ్గా అప్పుడే. అందుకే నీళ్ళు ఎక్కడం మొదలైన గంటకల్లా రాళ్ళ మీంచి బయటపడి ఉండాలి.

దీని నుంచి వచ్చే నియమం ఒక్కటే: నీళ్ళు దిగుతున్నప్పుడు రాళ్ళ మీదికి వెళ్ళండి. పూర్తిగా దిగే సమయానికి రెండు గంటల ముందు మొదలుపెడితే, ఎక్కడైనా ఆగిపోయినా ముందుకో వెనక్కో వెళ్ళడానికి వెసులుబాటు ఉంటుంది. పూర్తిగా దిగాక మొదలుపెడితే ప్రతి పది నిమిషాలకూ వెనక దారి సన్నబడుతుంది.

పట్టిక ఎక్కడ దొరుకుతుంది? సముద్రం లేని మన రాష్ట్రంలోనే సముద్రం సమాచారం ఇచ్చే జాతీయ కేంద్రం ఉంది. హైదరాబాద్ ప్రగతినగర్ దగ్గరున్న ఇన్‌కాయిస్. ఆటుపోట్ల అంచనాలు, అలల ఎత్తు, హెచ్చరికలు దాని వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. మీ నడకకు కార్వార్ ఓడరేవు టైములు చూడండి, అది గోకర్ణకు కొద్ది దూరంలోనే ఉత్తరాన ఉంది. మూడు రోజుల పట్టికను కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి జేబులో ఉంచుకోండి. ఫోన్ తడవొచ్చు, చార్జింగ్ అయిపోవచ్చు.

పట్టికతో పాటు అలల హెచ్చరిక కూడా చూడాలి, ఎందుకంటే పట్టిక అలల గురించి చెప్పదు. ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో పుట్టిన తుఫాను అలలు వేల కిలోమీటర్లు ప్రయాణించి మన తీరానికి వస్తాయి. ఇక్కడ ఆకాశం నిర్మలంగా, గాలి చల్లగా ఉంటుంది, అల మాత్రం ఒక్కసారిగా లేస్తుంది. 2024 మే నెలలో కన్యాకుమారి జిల్లా తీరంలో ఐదుగురు యువ వైద్యులు అలల్లో కొట్టుకుపోయి చనిపోయారు. ఆ రోజుల్లో ఉప్పెన అలల హెచ్చరిక అమల్లోనే ఉంది. ఆరంజ్ గానీ రెడ్ గానీ హెచ్చరిక కనిపిస్తే నడక వాయిదా వేయండి. టికెట్ డబ్బులు పోతే పోనీయండి.

ఇంటి దగ్గరే ఒళ్ళు సిద్ధం చేసుకోవడం

కనీసం ఆరు వారాలు. రాయి ఎక్కడం మనకు కొత్త కాదు, ఊరి పేరే ఓరుగల్లు. పొద్దున్నే పద్మాక్షి గుట్ట గానీ, ఖిల్లాలోని ఏకశిల గుట్ట గానీ సామానుతో ఎక్కి దిగండి. మొదటి వారం బ్యాగులో ఐదు కిలోలు. నీళ్ళ సీసాలు నింపి పెడితే బరువు సరిగ్గా తెలుస్తుంది, మోకాళ్ళు నొప్పి పుడితే అక్కడే పారబోయొచ్చు. వారానికొక కిలో పెంచుతూ పది దాకా వెళ్ళండి. ఎక్కడం కన్నా దిగడం మీద ఎక్కువ దృష్టి పెట్టండి. తీరంలో కాళ్ళు జారేది, మోకాళ్ళు పట్టేసేది దిగేటప్పుడే.

ఆదివారం ఒకటి రెండు సార్లు భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గరి పాండవుల గుట్టలకు వెళ్ళండి. అక్కడి ఇసుకరాతి బండల మధ్య సందుల్లోంచి, ఎగుడుదిగుడు రాళ్ళ మీంచి బ్యాగుతో నడిస్తే, వీపున బరువున్నప్పుడు ఒళ్ళు ఎటు తూలుతుందో అర్థమవుతుంది. అక్కడి గుహల్లో ప్రాచీన మానవుల రంగు బొమ్మలున్నాయి, వాటిని చేత్తో తాకకండి.

ఇసుక నడక వేరే విద్య. మేడారం జాతరకు వెళ్ళి జంపన్న వాగు ఇసుకలో నెత్తిన బంగారం (బెల్లం) మూటతో, చంకన పిల్లతో నడిచినవాళ్ళకు తెలుసు, గట్టి నేల మీద గంటలో వెళ్ళే దూరానికి ఇసుకలో గంటన్నర పడుతుంది. జాతర లేని రోజుల్లో, వాగులో నీళ్ళు తక్కువ ఉన్నప్పుడు వెళ్ళి మూడు నాలుగు కిలోమీటర్లు షూలతోనే నడవండి. పిక్కలు ఎక్కడ పట్టేస్తున్నాయో, షూలోకి ఇసుక ఎటునుంచి దూరుతోందో అప్పుడే తెలిసిపోతుంది. బొబ్బలు కూడా ఇంటి దగ్గరే వచ్చి మానిపోతే మంచిది.

టెంట్ అలవాటు లేనివాళ్ళు లక్నవరంలో ఒక రాత్రి గడిపి రండి. లేదంటే ఇంటి డాబా మీద, చీకట్లో, టార్చ్ లేకుండా టెంట్ వేసి తీసి చూడండి. పాకాల అభయారణ్యం, ఏటూరునాగారం అడవుల్లో మాత్రం అనుమతి లేకుండా ఎక్కడా టెంట్ వేయొద్దు.

బ్యాగులో ఏముండాలి

నీళ్ళు, తిండితో కలిపి బ్యాగు బరువు మీ ఒంటి బరువులో ఐదో వంతు దాటకూడదు. 60 కిలోల మనిషికి 12 కిలోలు. రాళ్ళ మీద నడక కాబట్టి పది దగ్గర ఆపగలిగితే ఇంకా మంచిది.

షూల దగ్గర పొదుపు చేయొద్దు. గట్టి రబ్బరు అడుగు, వేళ్ళ ముందు భాగం మూసి ఉండేవి కావాలి. హవాయి చెప్పులతో రాళ్ళ మీద అడుగు పెట్టకండి. నీళ్ళ దగ్గర, సాయంత్రాలు వేసుకోవడానికి వెనక పట్టీ ఉన్న శాండల్స్ ఒక జత. మేజోళ్ళు మూడు జతలు. ఉప్పు నీళ్ళలో తడిసి ఆరిన మేజోడు మళ్ళీ వేసుకుంటే చర్మం ఒరుసుకుపోతుంది, దాన్ని మంచినీళ్ళతో పిండాల్సిందే.

ఆ తీరంలో శీతాకాలం రాత్రి చలి మన డిసెంబర్ చలంత ఉండదు. బాధపెట్టేది చెమ్మ. బరువైన రగ్గులు అక్కర్లేదు. కొత్తవాడ దర్రీ అంటే నాకూ ఇష్టమే, కానీ అది ఇంట్లోనే ఉండాలి. ఒకసారి చెమ్మ పీల్చిందంటే మూడు రోజులూ ఆరదు. నీళ్ళు పీల్చని ఫోమ్ చాప, పల్చటి స్లీపింగ్ బ్యాగ్ లేదా దుప్పటి, అడుగున పరచడానికి చిన్న తార్పాలిన్ చాలు. బ్యాగు లోపల మందపాటి పెద్ద ప్లాస్టిక్ కవర్ పెట్టి, అన్నీ అందులో సర్ది మూతి మెలిపెట్టి కట్టండి. పైన వేసే రెయిన్ కవర్ వానకు సరిపోతుందేమో గానీ అల మీద పడితే ఆపలేదు.

తలకు పెట్టుకునే టార్చ్ ప్రతి మనిషికీ ఒకటి. పవర్ బ్యాంక్, విజిల్, ఒక నడక కర్ర, 10 మీటర్ల నైలాన్ తాడు. టోపీ, పొడుగు చేతుల చొక్కా. ఆధార్ కార్డు, ఎందుకంటే బస చేసేచోట అడుగుతారు.

తిండి విషయంలో మనం అదృష్టవంతులం. సకినాలు, సర్వపిండి, పల్లీ పట్టీలు, వేయించిన అటుకులు, కారప్పొడి. నడకకు ఇంతకన్నా మంచి తిండి కొన్నా దొరకదు. సకినాలు వారాలు నిలవుంటాయి, కాకపోతే బ్యాగులో నలిగి పొడవుతాయి, స్టీలు డబ్బాలో పెట్టండి. సర్వపిండి, చింతపండు పులిహోర మొదటి రోజుకు. మామిడికాయ తొక్కు చిన్న సీసాలో, మూతకు టేపు చుట్టి. గ్యాస్ క్యాన్లు, కిరోసిన్ రైల్లో తీసుకెళ్ళడం నిషేధం. వంట ఆలోచనే మానుకోండి. దారిలోని ఊళ్ళలో అన్నం దొరుకుతుంది. ఎండిన గడ్డి కొండల మీద నిప్పు రాజేయడం అన్నిటికన్నా ప్రమాదం.

నీళ్ళు మనిషికి రోజుకు నాలుగు లీటర్లు లెక్క. అన్నీ మోయనక్కర్లేదు, సీసాలు రెండు పెట్టుకుని ఊరు వచ్చినప్పుడల్లా నింపుకోండి. నది సముద్రంలో కలిసేచోట నీళ్ళు చూడ్డానికి తేటగా ఉన్నా ఉప్పగా ఉంటాయి.

మందుల్లో ఓఆర్ఎస్ పొట్లాలు, బొబ్బలకు టేపు, గాయాలకు డెటాల్, క్రేప్ బ్యాండేజీ. ధనుర్వాతం ఇంజక్షన్ వేయించుకుని చాలా ఏళ్ళయితే బయలుదేరే ముందే వేయించుకోండి. రాళ్ళకు పట్టి ఉండే గుల్లలు బ్లేడులా కోస్తాయి.

అనుమతి, పడక

తీరాల మీద టెంట్లు వేయడం చాలాచోట్ల ఒప్పుకోరు, కొన్ని కొండ దారులు అప్పుడప్పుడు మూసేస్తుంటారు. అందుకే కుమ్టాలో దిగగానే పోలీస్ స్టేషన్‌లో గానీ అటవీశాఖ ఆఫీసులో గానీ అడిగి మొదలుపెట్టండి. ఇంటర్నెట్లో ఎవరో పోయినేడు రాసినదాన్ని నమ్ముకోవద్దు. నా సలహా, తీరం పక్కనే ఉన్న కొబ్బరితోటల యజమానుల్ని, హోమ్‌స్టే వాళ్ళను అడిగి, డబ్బిచ్చి వాళ్ళ జాగాలో టెంట్ వేసుకోవడం. మంచినీళ్ళు, మరుగుదొడ్డి దొరుకుతాయి. పొద్దున్నే సముద్రం ఎలా ఉందో చెప్పే మనిషి కూడా దొరుకుతాడు. ఆ మనిషి మాట యాప్‌లో కనిపించేదాని కన్నా విలువైంది.

ఎక్కడ వేసినా చోటు ఎంచుకోవడం తెలియాలి. తీరం మీద నాచు, కొబ్బరి పీచు, చెత్త ఒక గీతలా పేరుకుని ఉంటాయి. క్రితం పోటు అక్కడిదాకా వచ్చిందని దానర్థం. ఆ గీతకు బాగా పైన, పచ్చటి తీగలు పాకిన చోటికి వెళ్ళండి. కొబ్బరిచెట్టు కింద వద్దు, కాయ పడితే తల పగులుతుంది. కొండ అంచు కింద వద్దు. ఎండిన వాగు నోట్లో వద్దు. ఇసుకలో మామూలు మేకులు నిలవవు. ప్లాస్టిక్ సంచుల్లో ఇసుక నింపి, టెంట్ తాళ్ళు వాటికి కట్టి, మోకాలి లోతు గోతిలో పూడ్చండి. చేపల పడవలు, వలల దగ్గర టెంట్ వేయకండి, తెల్లవారుజామున వాళ్ళ పనికి అడ్డం. వెళ్ళేటప్పుడు ఆ సంచులు తవ్వి తీసి వెంట తీసుకెళ్ళండి.

మొదటి రోజు

కుమ్టాలో నీళ్ళు, అరటిపళ్ళు కొనుక్కుని వన్నళ్ళి వైపు నుంచి ఉత్తరానికి బయలుదేరండి. కడ్లే తీరం మీదుగా నిర్వాణ తీరం దాకా. మొదటి రోజు తక్కువ నడవండి. పొద్దున పదిన్నర లోపు, తిరిగి మూడున్నర తర్వాత. మధ్యలో నీడ పట్టున పడుకోండి. ఇసుక మీద నడిచేటప్పుడు నీళ్ళు అప్పుడే వెనక్కి తగ్గిన తడి ఇసుక మీద నడిస్తే కాలు దిగబడదు.

కొండల పైభాగం ఎర్రగా, చిల్లులు చిల్లులుగా ఉండే లాటరైట్ రాయి. మన నల్లరాయి, గ్రానైటు బండల మీద అలవాటైన కాలు దీన్ని కూడా అంతే గట్టిది అనుకుంటుంది. పొరపాటు. లాటరైట్ కింద మెత్తటి మట్టి ఉంటుంది, అలలు దాన్ని తొలిచేస్తాయి, పైన అంచు మాత్రం గాలిలో నిలబడి ఉంటుంది. అంచుకు కనీసం మూడు మీటర్ల దూరంలో ఉండండి. ఫోటో అయినా అక్కడినుంచే.

సూర్యుడు అస్తమించడానికి రెండు గంటల ముందే ఆగిపోండి. శీతాకాలంలో ఆరున్నరకల్లా చీకటి పడుతుంది.

రెండో రోజు, నది

అఘనాశిని నది సముద్రంలో కలిసే చోటుకు చేరతారు. పెద్ద ఆనకట్టలేవీ లేకుండా సముద్రం చేరే నదుల్లో ఇదొకటి. దీని ముఖద్వారాన్ని 2024లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలల జాబితాలో (రామ్‌సర్ జాబితా) చేర్చారు. మడచెట్లు, బురద మేటలు, గుల్లలు ఏరే ఆడవాళ్ళు కనిపిస్తారు. తొందరపడకుండా ఇక్కడ ఒక పూట గడపండి. ఫోటో తీసే ముందు అడగండి.

నదిని కాలినడకన దాటే ప్రయత్నం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు, లోతు తక్కువగా కనిపించినా సరే. ఆటు సమయంలో నది నీళ్ళు, వెనక్కిపోయే సముద్రం నీళ్ళు కలిసి బయటికి లాగుతాయి. అఘనాశిని ఊరి రేవు నుంచి అవతలి తదడికి పడవ ఉంటుంది. ఆఖరి పడవ ఎన్నింటికో పొద్దున్నే కనుక్కోండి. తదడి చేపల రేవు, అక్కడ వేడి అన్నం, చేపల కూర దొరుకుతాయి. ఆ రాత్రి బెలెకాన్ వైపు బస చూసుకోండి.

మూడో రోజు, రాళ్ళు

మొత్తం నడకలో కష్టమైన భాగం ఇదే. ప్యారడైజ్, హాఫ్ మూన్, ఓం, కూడ్లే తీరాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. వాటి మధ్య కొండ కొమ్ములు. చాలాచోట్ల పైన ఒక దారి, కింద రాళ్ళ మీంచి ఒక దారి ఉంటాయి. పై దారి కనిపిస్తే దాన్నే పట్టండి, దూరమైనా.

కింద దారి తప్పదనుకుంటే ముందు కాగితం తీసి నీళ్ళ టైము చూడండి. తర్వాత పావుగంట ఊరికే నిలబడి సముద్రాన్ని చూడండి. అలలు గుంపులుగా వస్తాయి. పదిహేను చిన్న అలలు చూసి ‘ఇంతే’ అనుకున్నాక మూడు పెద్దవి వస్తాయి. ఆ పెద్ద అల ఎంతదాకా తడిపిందో అది గీత, ఆ గీత పైన ఉన్న రాళ్ళ మీదే అడుగు పెట్టండి. రాయి రంగు కూడా చెబుతుంది. నల్లగా నిగనిగలాడితే పాకుడు, దాని మీద ఏ షూ నిలవదు. పొడిగా, లేత రంగులో ఉంటే అడుగు పట్టుకుంటుంది. సముద్రానికి వీపు పెట్టి నిలబడొద్దు. బ్యాగు నడుము బెల్టు విప్పి ఉంచండి, నీళ్ళలో పడితే క్షణంలో వదిలించుకోవాలి. ఒక్కొక్కరుగా దాటండి, మిగతావాళ్ళు పైన గట్టి చోటునుంచి చూస్తూ ఉండాలి. సందేహం వస్తే వెనక్కి తిరగండి. గోకర్ణకు లోపలినుంచి రోడ్డు కూడా ఉంది.

ఈతకు దిగడం గురించి గట్టిగానే చెబుతాను. చెరువులో, బావిలో ఎంత బాగా ఈదేవాళ్ళయినా ఈ రాళ్ళ మధ్య దిగొద్దు. ఇసుక తీరంలో కూడా మోకాలి లోతు చాలు. ఒకవేళ నీళ్ళు లోపలికి లాగితే తీరం వైపు ఎదురు ఈదకండి. తేలుతూ, తీరానికి సమాంతరంగా పక్కకు ఈదుతూ లాగుడు తగ్గాక ఒడ్డుకు రండి. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంట దూకకండి. తాడు గానీ, మూత గట్టిగా బిగించిన ఖాళీ నీళ్ళ సీసాలు నింపిన బ్యాగు గానీ విసరండి. 112కి ఫోన్ చేయండి, సముద్రంలో రక్షణకు కోస్ట్ గార్డ్ నంబర్ 1554.

జెల్లీ చేప తగిలితే సముద్రం నీళ్ళతోనే కడగండి, మంచినీళ్ళు పోస్తే మంట పెరుగుతుంది. కొండ గడ్డిలో పాములుంటాయి, చీకట్లో టార్చ్ లేకుండా అడుగు వేయొద్దు. పాము కరిస్తే గట్టిగా కట్టడం, కోయడం వద్దు. ఆ మనిషిని కదలకుండా ఉంచి 108 పిలవండి, కుమ్టాలో తాలూకా ఆసుపత్రి ఉంది.

ఇంటివాళ్ళకు

బయలుదేరే ముందు ఒక కాగితం రాసి ఇంట్లో ఇవ్వండి: ఏ రోజు ఏ ఊళ్ళో ఉంటారు, ఎవరెవరు కలిసి వెళ్తున్నారు, ఎన్నింటికి ఫోన్ చేస్తారు, ఎంతసేపటిదాకా ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలి. కొండల వెనక సిగ్నల్ పోతుంది, ఆ సంగతి ముందే చెబితే అమ్మకు సగం టెన్షన్ తగ్గుతుంది. ఒంటరిగా వెళ్ళొద్దు. ముగ్గురో నలుగురో ఉంటే ఒకరికి దెబ్బ తగిలినా ఒకరు దగ్గర ఉండి, ఒకరు సాయానికి వెళ్ళొచ్చు.

తిరిగొచ్చాక

గోకర్ణలో స్నానం చేసి, దర్శనం చేసుకుని, బస్సెక్కే ముందు చెత్త సంచి ఊళ్ళోని చెత్తడబ్బాలో వేయండి. ఇల్లు చేరిన రోజే టెంట్, బ్యాగు, షూలు మంచినీళ్ళతో కడగండి. రేపు చూద్దామని మూల పడేస్తే ఉప్పు జిప్పుల్ని తినేస్తుంది, టెంట్ కడ్డీల కీళ్ళు పట్టేస్తాయి. జిప్పుల పళ్ళ మధ్య ఇసుకను పాత టూత్‌బ్రష్‌తో తీసి, కొవ్వొత్తి మైనం రుద్దండి. టెంట్‌ను నీడలో రెండు రోజులు ఆరేసి, లోపలి మూలలు కూడా చేత్తో తడిమి చెమ్మ లేదని చూశాకే మడతపెట్టండి.